నూరు మీటర్ల తుపాకి

మద్రాసు సెంట్రల్‌లో బయల్దేరి మా వ్యాసర్పాడి జీవా స్టేషను మీదుగా పడమటికి పోయే రైళ్ళలో కొన్ని అరక్కోణం, రేణిగుంట దాటి కడప వైపు సాగిపోతాయి. రేణిగుంటకీ కోడూరుకీ మధ్య, శేషాచలం అడవుల అంచున, మామండూరు అని ఒక చిన్న స్టేషను ఉంది. వేట కథలు చదివేవాళ్ళకి ఆ పేరు కెన్నెత్ ఆండర్సన్ వల్ల తెలుసు. 1910లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, దక్షిణాది అడవుల్ని కాలినడకన తిరిగిన మనిషి ఆయన. మామండూరు నరభక్షకి కథ ఆయన 1957లో అచ్చయిన పుస్తకంలో ఉంది. ఆయన కథల్లో మృగం మారుతుంది, ఊరు మారుతుంది. చేతిలో రైఫిలు మాత్రం ఎక్కువగా ఒకటే: అమెరికాలో తయారైన .405 విన్‌చెస్టర్, 1895 మోడలు.

తుపాకుల చరిత్రలో 1895 మామూలు సంవత్సరం కాదు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన ఆ విన్‌చెస్టర్ వచ్చిన సంవత్సరమే ఆస్ట్రియా-హంగరీ సైన్యం మన్‌లిషర్ కొత్త మోడలు తీసుకుంది. బ్రిటిష్ సైన్యం లీ-ఎన్‌ఫీల్డ్‌ను తీసుకున్నదీ అప్పుడే. మన్‌లిషర్ తూటాని లీ యంత్రంలో కూర్చితే వచ్చిందే మన దేశంలో .315 స్పోర్టింగ్ రైఫిలు. లైసెన్సు మీద రైఫిలు కొనాలనుకున్న మామూలు రైతుకి, ఎస్టేటు యజమానికి, బ్యాంకు గార్డుకి దశాబ్దాలుగా అందుబాటులో ఉన్నది ఇదే. కలకత్తా దగ్గర ఇషాపూర్‌లోని ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని తయారు చేస్తూ వచ్చింది.

ఇప్పుడు దీని గురించి రాయడానికి కారణం అడవిపందులు. వ్యాసర్పాడిలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. రైల్వే పనులకో, పెరంబూరు బిన్నీ మిల్లుకో నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళు. సొంతూళ్ళో ఇంకా ఎకరమో అరెకరమో ఉన్నవాళ్ళని కదిపితే చాలు, వేరుశెనగ చేను రాత్రికి రాత్రి ఎలా తవ్విపోశాయో చెబుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపడం నేరం. కానీ అదే చట్టంలోని 11వ సెక్షను, పంటకో ప్రాణానికో ముప్పు తెచ్చే జంతువుని రాతపూర్వకమైన అనుమతితో వేటాడనిస్తుంది. తెలంగాణలో ఆ దారినే షూటర్ల జాబితాలు తయారుచేసి అనుమతులిచ్చారు. అలా పిలుపు అందుకున్నవాళ్ళ చేతుల్లో పన్నెండు బోరు తుపాకి తర్వాత తరచుగా కనిపించేది .315. ఆ తుపాకి ఏం చేయగలదో, ఏం చేయలేదో చేను గట్టున నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలిసి ఉండాలి. తెలియకపోతే గాయపడ్డ జంతువు మూడు రోజులు చావలేక తిరుగుతుంది, లేదా తూటా పక్క ఊరి దాకా పోతుంది.

ముందుగా ఒక ప్రశ్న. బ్రిటిష్ వాళ్ళ దగ్గర .303 అనే పేరుమోసిన తూటా ఉండగా, ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టిన తూటా మన అడవులకెందుకు వచ్చింది? సైన్యం వాడే కొలత తూటాలు పౌరుల తుపాకుల్లో పట్టకూడదని అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. సైనిక గోదాముల నుంచి దొంగిలించిన తూటా ఇంటి తుపాకిలో పనికిరాకూడదన్నది లెక్క. .303కీ, మార్టిని-హెన్రీ తుపాకికి సరిపోయే .450కీ అలా అడ్డుకట్ట పడింది. ఇంగ్లండు కంపెనీలు ఊరుకుంటాయా? భారతదేశం పెద్ద మార్కెటు. పెద్ద వేటకి .465, .470 లాంటి కొత్త కొలతలు పుట్టించాయి. మామూలు వేటకి బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఏ. కంపెనీ తన లీ రైఫిలునే తీసుకుని, అందులో ఆస్ట్రియా వాళ్ళ 8 మిల్లీమీటర్ల తూటా పట్టేలా చేసింది. ఆ తూటాకి .303 మాదిరే అడుగున అంచు ఉంటుంది, పొడవూ ఇంచుమించు అంతే. యంత్రంలో పెద్ద మార్పు అక్కర్లేకపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1959 ఆయుధాల చట్టం కూడా సైనిక కొలతల్ని నిషిద్ధ జాబితాలోనే ఉంచింది. ఇషాపూర్ వాళ్ళ దగ్గర .303 రైఫిళ్ళు చేసే యంత్రాలూ పనివాళ్ళూ ఉండనే ఉన్నారు. .315 తయారీ వాళ్ళకి కొట్టినపిండి.

అంటే ఈ జోడింపు మృగం ఒంటినో అడవి తీరునో చూసి చేసింది కాదు, నిషేధాన్ని దాటడానికి చేసింది. దీని బలహీనతలు చాలావరకు అక్కడివే.

బలాల సంగతి ముందు చూద్దాం. అవి తక్కువేం కాదు.

స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ ఈ యంత్రాన్ని రూపొందించాడు. ఎన్.సి.సి.లో .22 రైఫిలు పట్టిన వాళ్ళకి బోల్టు అంటే ఏమిటో వేళ్ళకే తెలుసు. పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. లాగినప్పుడు ఖాళీ గుల్ల బయట పడుతుంది, తోసినప్పుడు మ్యాగజైను నుంచి కొత్త తూటా చాంబర్లోకి ఎక్కుతుంది. లీ బోల్టు పిడి అరవై డిగ్రీలు తిరిగితే చాలు. మౌజర్ లాంటి రైఫిళ్ళలో తొంభై డిగ్రీలు తిప్పాలి. పైగా లీ పిడి ట్రిగ్గరుకి దగ్గరగా ఉంటుంది, వెనక్కి లాగాల్సిన దూరమూ తక్కువ. తుపాకి భుజం మీంచి దించకుండా, గురి చూసే కన్ను మరల్చకుండా రెండో తూటా ఎక్కించవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ సిపాయి నిమిషానికి పదిహేను గురిచూసిన దెబ్బలు కొట్టాలని లెక్క ఉండేది. అది ఈ బోల్టు చలవే. గాయపడ్డ పంది తిరగబడి మీదికి వచ్చే వేళ ఈ వేగం ప్రాణం కాపాడుతుంది.

ఇంకో సుగుణం ఉంది. లీ యంత్రంలో ఫైరింగ్ పిన్ను స్ప్రింగు బిగుసుకునేది బోల్టు ముందుకు తోసేటప్పుడు. మౌజర్ 1898 మోడల్లో పిడి పైకెత్తేటప్పుడు బిగుసుకుంటుంది. తూటా పేలాక వేడికి గుల్ల చాంబరు గోడలకి అతుక్కుపోతే, మౌజర్‌లో గుల్లని ఊడదీయడం, స్ప్రింగుని బిగించడం రెండూ ఒకే కదలికలో చేయాలి. లీలో ఆ బరువు రెండుగా విడిపోతుంది. ఎండలో మాడిన తుపాకి, దుమ్ము పట్టిన తూటా అయినా పిడి పైకి లేస్తుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది: తోసేటప్పుడు చివరి అంగుళంలో స్ప్రింగు ఎదురుతన్నుతుంది. అలవాటు లేని చేతికి అక్కడే గురి కదిలిపోతుంది.

ఇక వివాదమంతా తాళం చుట్టూ ఉంది. తూటా పేలినప్పుడు .315 చాంబర్లో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి రెండున్నర వేల రెట్లు దాటుతుంది. ఆ ఒత్తిడి గుల్ల అడుగు మీద రెండు టన్నుల పైచిలుకు బలంతో వెనక్కి తోస్తుంది. సెకనులో వెయ్యో వంతు పాటే, కానీ ఆ క్షణం బోల్టు కదలకుండా నిలవాలి. నిలబెట్టేవి బోల్టు మీదున్న రెండు లగ్గులు, అంటే గడియలా పట్టుకునే ఉక్కు దిమ్మెలు. తలుపు గడియ రెక్కల చివర దగ్గరుంటే ఎంత తోసినా తలుపు ఊగదు. గడియ బంధం వైపు దూరంగా ఉంటే తలుపు చెక్క కాస్తంత వంగుతుంది. మౌజర్ 1898 రైఫిల్లో లగ్గులు బోల్టు ముందు కొసన, చాంబరుకి ఆనుకునే ఉంటాయి. లీ రైఫిల్లో వెనక కొసన ఉంటాయి. కాబట్టి బోల్టు ఒళ్ళంతా ఆ బలం కింద నొక్కుకుపోతుంది, దాన్ని పట్టుకున్న ఉక్కు చట్రం సాగుతుంది. వెంట్రుకవాసి కంటే తక్కువే. కానీ దాని వల్ల గుల్ల సాగుతుంది, బ్యారెల్ ప్రతి దెబ్బకీ ఒకే తీరున కంపించదు.

ఇది ప్రమాదకరమైన లోపమా? .315 విషయంలో కాదు. .30-06 లాంటి తూటాలో ఒత్తిడి మామూలు గాలికి నాలుగు వేల రెట్ల దాకా పోతుంది. అంతటి దాన్ని పాత లీ చట్రంలో పేల్చడం తప్పు. ఇషాపూర్ వాళ్ళే 1960లలో సైన్యం కోసం 7.62 మిల్లీమీటర్ల రైఫిలు ఇదే పద్ధతిలో చేసినప్పుడు మరింత గట్టి ఉక్కు వాడారు. .315 తూటా ఒత్తిడి తక్కువ గనక ఆ యంత్రానికి అది సుఖంగా సరిపోయింది. వెనక లగ్గుల వల్ల ఒక లాభం కూడా వచ్చింది. చాంబరు దగ్గర మట్టీ మసీ చేరే గూళ్ళు ఉండవు, బోల్టు ప్రయాణం పొట్టిగా ఉంటుంది. ఇందాక చెప్పిన వేగానికి మూలం ఇదే. ఒకే అమరిక ఒక చోట బలహీనత, ఇంకో చోట బలం. లీ వేగాన్ని ఎంచుకున్నాడు, మౌజర్ బిగువుని ఎంచుకున్నాడు. పులుల వేటగాడు జిమ్ కార్బెట్‌కి 1907లో చంపావత్ పులిని కొట్టాక బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ రైఫిలు మౌజర్ యంత్రం మీద చేసినదే. దూరపు గురికి అది మేలు.

మా వీధిలో తమిళనాడు పోలీసు ఆయుధాగారంలో ఏళ్ళ తరబడి .303లు బాగుచేసి రిటైరైన ఆర్మరర్ ఒకాయన ఉన్నారు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మేమంతా బాబాయ్ అంటాం. లీ రైఫిలు గురించి అడిగితే ఆయన ముందు బోల్టు గురించి కాదు, కర్ర గురించి మాట్లాడతారు. "కర్ర రెండు ముక్కలు రా అబ్బాయ్. ముందు ముక్క వేరు, భుజాన ఆనించే ముక్క వేరు. సముద్రపు గాలికి వానల్లో ఉబ్బుద్ది, ఎండల్లో కుంచించుకుపోద్ది. ముందు ముక్క బ్యారెల్‌ని ఎక్కడో ఒకచోట నెట్టుద్ది. నిన్న గుండు పడినచోట ఇవాళ పడదు." వెనక కర్రని పట్టి ఉంచే పొడుగాటి బోల్టుని, ముందు కర్ర తీయకుండా తిప్పితే ఏమవుతుందో చేతులతో చూపించారు. ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి ముందు కర్రలోని పలకలో ఇమిడి ఉంటుంది. తిప్పగానే కర్ర చీలుతుంది. తెలియనివాళ్ళు స్క్రూడ్రైవరు పెట్టి పాడుచేసిన రైఫిళ్ళు ఆయన చేతికి చాలా వచ్చాయట.

ఇంకో మాట కూడా చెప్పారు. "ఒకదాని బోల్టు ఇంకోదానికి ఎప్పుడూ వెయ్యమాక." లీ బోల్టు తల విడిగా వచ్చే ముక్క. ఒక్కో రైఫిలుకి తూటా అడుక్కీ బోల్టు ముఖానికీ మధ్య సందు చూసి దాన్ని అమర్చుతారు. శుభ్రం చేయడానికి నాలుగు రైఫిళ్ళు విప్పి బోల్టులు తారుమారు చేస్తే ఆ సందు పెరిగిపోవచ్చు. అప్పుడు గుల్ల చిట్లి వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది.

తూటా అంచు సంగతీ బాబాయే చూపించారు. టేబులు మీద రెండు పెన్సిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాని అంచు కిందిదాని అంచుకి వెనక పడితే అది ముందుకు పోలేదని. మ్యాగజైను నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కిందిదాని అంచుకి ముందుండాలి. హడావుడిలో చీకట్లో నింపినప్పుడు ఇది తప్పితే, కావలసిన వేళకి బోల్టు సగంలో ఆగిపోతుంది. అంచున్న తూటాల రైఫిలు కొన్నవాళ్ళు పగలు ఖాళీగా ఉన్నప్పుడే ఈ అలవాటు వేళ్ళకి పట్టించాలి.

అసలు పరిమితి మాత్రం ఈ యంత్రంలో లేదు, తూటాలో ఉంది. ఈ తూటా 1888లో నల్ల తుపాకిమందు కాలంలో పుట్టింది. రెండేళ్ళకి పొగరాని మందు నింపారు, ఆకారం మాత్రం పాతదే మిగిలింది. గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే పదహారు గ్రాములకి కాస్త తక్కువ. ముక్కు గుండ్రంగా ఉంటుంది. బ్యారెల్ దాటేటప్పుడు వేగం సెకనుకి సుమారు 620 మీటర్లు. .30-06 లో పన్నెండు గ్రాముల లోపు గుండు 820 మీటర్ల వేగంతో పోతుంది. శక్తి లెక్క వేస్తే .315కి దాదాపు మూడు వేల జౌళ్ళు, .30-06కి నాలుగు వేల దరిదాపు.

గుండు బ్యారెల్ దాటిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. ఎంత కిందికి దిగుతుందన్నది గాల్లో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. .315 గుండు నూరు మీటర్లు పోవడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది. ఆ లోపు పద్నాలుగు పదిహేను సెంటీమీటర్లు దిగుతుంది. సైట్లు దీన్ని సర్దే ఉంటాయి గనక నూరు మీటర్ల దగ్గర గుండు గురిపెట్టిన చోటే పడుతుంది. ఇప్పుడు పంది రెండొందల మీటర్ల దూరాన ఉందనుకోండి. గుండ్రటి ముక్కుకి గాలి ఎదురు ఎక్కువ, వేగం త్వరగా తగ్గుతుంది, గాల్లో గడిపే సమయం రెట్టింపు దాటుతుంది. దిగుదల మాత్రం రెట్టింపుతో ఆగదు, సమయానికి వర్గంగా పెరుగుతుంది. మొత్తం రెండడుగుల పైచిలుకు. నూరు మీటర్లకి సర్దిన సైట్లతో అదే గురి పెడితే గుండు అడుగు కంటే ఎక్కువ కింద పడుతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు జానెడంత. గురి భుజం మీద పెడితే గుండు కాలి మీదో కడుపు కిందో తగులుతుంది. ఆ పంది చావదు. కుంటుతూ పొదల్లోకి పోతుంది, తెల్లారి కట్టెలకి వెళ్ళినవాళ్ళ మీద పడుతుంది.

నూరు మీటర్ల లోపు మాత్రం ఇదే గుండుకి సాటివచ్చేవి తక్కువ. బరువైన, పొడుగాటి గుండు లోతుకి దిగుతుంది, ఎముక తగిలినా దారి తప్పదు. వేగం మరీ ఎక్కువ కాదు గనక మాంసాన్ని తుక్కు చేయదు. వేటకి వాడేది ముక్కున సీసం బయటికి కనిపించే మెత్తటి గుండు. తగిలాక అది వెడల్పవుతుంది. ఈ రకం గుండుకి పేరు తెచ్చింది ఇషాపూర్‌కి దగ్గర్లోనే ఉన్న డమ్‌డమ్ ఆయుధాగారం. 1890లలో కెప్టెన్ బెర్టీ-క్లే అక్కడ సైన్యం కోసం అలాంటి గుండు చేయించాడు. మనుషుల మీద అది చేసే గాయం చూసి 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో వాటిని నిషేధించింది. వేటలో లెక్క తిరగబడుతుంది. గట్టి తొడుగు గుండు జంతువుకి చిన్న రంధ్రం చేసి దాటిపోతుంది, అది గంటలపాటు బాధపడుతుంది. వెడల్పయ్యే గుండు త్వరగా చంపుతుంది. దాటిపోయి వెనకున్న మనిషికి తగిలే అవకాశమూ కొంత తగ్గుతుంది.

వేటగాళ్ళలో ఒక నమ్మకం ఉంది. బరువైన గుండ్రటి గుండు పొదల్ని, పుల్లల్ని చీల్చుకుని తిన్నగా పోతుందని. పుల్లల వెనక కాగితాలు పెట్టి కాల్చి చూసినవాళ్ళు తేల్చిందేమిటంటే ఏ గుండైనా పుల్ల తగిలితే పక్కకి తిరుగుతుంది. బరువైనది కాస్త తక్కువ తిరగొచ్చు, అంతే. పొద మధ్యలో కనిపించీ కనిపించని పంది మీద ఆ నమ్మకంతో కాల్చకూడదు.

ఆండర్సన్ .405 కూడా ఇదే కోవలోది. 300 గ్రెయిన్ల గుండు, సెకనుకి సుమారు 670 మీటర్లు, గుండ్రటి ముక్కు. దగ్గరి దెబ్బకి భీకరమైన బలం. 1909లో ఆఫ్రికా వేటకి వెళ్ళిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్‌కి సింహాల మీద నమ్మకమైన తుపాకి అదే. ట్రిగ్గరు కిందున్న లీవరు దించి ఎత్తితే తూటా మారుతుంది, ఎడమచేతి వాటం వాళ్ళకీ ఇబ్బంది లేదు. కానీ బట్టు వంపు వల్ల వెనకతన్ను చెంప మీదికి వస్తుంది, యంత్రంలో భాగాలు ఎక్కువ, పడుకుని కాల్చేటప్పుడు లీవరు నేలకి తగులుతుంది. తూటాల తయారీ ఆగిపోయాక ఆ రైఫిళ్ళు గోడకి ఎక్కాయి. .315కి ఆ గతి పట్టలేదు. తూటాలు మన దేశంలోనే, ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. పల్లెటూరి లైసెన్సుదారుకి అన్ని సుగుణాల కంటే ఇది పెద్దది. ఎంత గొప్ప రైఫిలైనా తూటా దొరక్కపోతే ఇనుప కడ్డీయే.

ఈ కాలపు అవసరానికి .315లో తక్కువైంది ఇంకొకటి ఉంది. పందులు వచ్చేది చీకటి పడ్డాక. లీ చట్రం మీద టెలిస్కోపు సులువుగా కూర్చోదు, డ్రిల్లు వేసి బిగించాలి. సరిగా చేయకపోతే నాలుగు దెబ్బలకే కదులుతుంది. మామూలు ఇనుప సైట్లతో టార్చి వెలుగులో నూరు మీటర్లంటే మంచి షూటరుకి కూడా ఎక్కువే. యాభై, అరవై మీటర్లు న్యాయమైన దూరం.

ఏనుగుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చిత్తూరు జిల్లాలో పందుల కంటే పెద్ద గొడవ అదే. .315 ఏనుగు మీద వాడే తుపాకి కాదు. బెదిరించడానికి గాల్లోకి కాల్చడం కూడా పిచ్చిపని. పైకి పోయిన గుండు కిలోమీటర్ల అవతల ఎవరి ఇంటి మీదో దిగుతుంది.

నా తీర్పు ఇది. .315 మంచి రైఫిలు. నిషేధం చాటున పుట్టినా, నూటముప్పై ఏళ్ళు దాటిన ఆలోచనల మీద నిలబడినా, దగ్గరి దెబ్బకి నమ్మదగినది, మొండిది, బాగుచేసుకోదగినది. దాని లోపాల్లో చాలావాటిని జాగ్రత్త సరిచేస్తుంది. దూరాన్ని మాత్రం ఏ జాగ్రత్తా సరిచేయలేదు. కొత్త రకం తూటాలు చూసి, వీడియోల్లో మూడొందల మీటర్ల దెబ్బలు చూసి, దీనితో అలా ప్రయత్నించే కుర్రాళ్ళున్నారు. ఆ ప్రయత్నం జంతువు పట్ల క్రూరత్వం, పక్క పొలంలో కాపలా పడుకున్న మనిషి పట్ల నేరం.

అనుమతి కాగితం చేతిలో ఉన్న షూటర్లని కోరేది రెండే. మంచె ఎక్కి కాల్చండి, గుండు జంతువుని దాటినా మట్టిలో దిగేలా. జంతువు నూరు మీటర్ల లోపు, చీకట్లోనైతే అరవై లోపు, పక్కకి తిరిగి నిలబడి, ఒళ్ళంతా కనిపిస్తేనే కాల్చండి. ఆ రెండూ కుదరని రాత్రి తూటాలు తీసేసి ఇంటికి రండి.